చివరి పెగ్గు ఎప్పుడేశాడో కూడా అడగండి

ఎడిటర్ గారికి నమస్తే,

కాలు విరిగితే మా బాబాయిని ఇక్కడే ఒక ప్రైవేట్ హాస్పిటల్లో చేర్పించాం, షుగరు బీపీ అన్నీ అడిగారు గానీ రోజూ ఎంత తాగుతాడు, ఆఖరి పెగ్గు ఎప్పుడు అని ఒక్కరూ అడగలే, మూడో రోజుకి ఒకటే వణుకు, దుప్పటి మీద లేని చీమల్ని ఏరుతున్నాడు, వాళ్ళేమో చేతులు మంచానికి కట్టేశారు! రోజూ తాగేవాళ్ళకి మందు ఒక్కసారిగా ఆగిపోతే వచ్చే ఈ ఇబ్బంది ఎంతుందో కొలవడానికి సీవా (CIWA) అని స్కేలు ఉంది, వణుకు, చెమట, వాంతులు, కంగారు లాంటి 10 అంశాలకి మార్కులేసి మొత్తం 67కి లెక్కేస్తారు, 8 లోపుంటే తక్కువే, 15 దాటితే సీరియస్. ఐదు నిమిషాల పని. ఫిట్స్ ఆఖరి పెగ్గు తర్వాత మొదటి 48 గంటల్లోనే రావచ్చు కాబట్టి ఒకసారి చూసి వదిలేస్తే కుదరదు, షిఫ్టు షిఫ్టుకీ చూడాలి. 2020 లాక్‌డౌన్‌లో వైన్స్ బంద్ అయితే మందు దొరక్క ఎర్రగడ్డ మెంటల్ హాస్పిటల్‌కి జనం ఎట్లా వచ్చారో ఊరంతా చూసింది. అడ్మిషన్ ఫారంలో ఈ ప్రశ్న పెట్టమని హెల్త్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఆర్డర్ ఇవ్వాలి.

– ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్