హార్డ్‌వేర్ నేర్చుకునే పిలకాయల చేతికి ముందు మిషన్ ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను నెల్లూరులో 2007 నుంచి కంప్యూటర్ సర్వీస్ పని చేస్తున్నా. పోయిన నెల మా షాపుకి పని కావాలని ఒక పిల్లోడు వచ్చాడు, కోవూరు పక్కన పల్లె, చేతిలో హార్డ్‌వేర్ నెట్‌వర్కింగ్ కోర్సు సర్టిఫికెట్, లామినేషన్ కూడా చేయించుకున్నాడు. పాత సీపీయూ ఒకటి ముందు పెట్టి ర్యామ్ తీసి మళ్ళీ పెట్టు నాయనా అన్నా. ర్యామ్‌కి అడుగున గాటు ఉంటది కదా, అది స్లాట్‌లో ఉండే గట్టు మీద కూర్చోవాల, ఆ సంగతి తెలీక తిప్పిపెట్టి నొక్కతా ఉన్నాడు. ఏందయ్యా ఇది అంటే, ఆర్నెల్ల కోర్సులో మిషన్ మూత తీసింది సార్ ఒక్కరే, మేం నోట్స్ రాసుకున్నాం అన్నాడు. ఆ ఫీజుకి వాళ్ళమ్మ కమ్మలు తాకట్టు పెట్టిందంట. అది విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

నేను ట్రంకురోడ్డులో ఒక షాపులో నేర్చుకున్నా, నెలకి 1200 జీతం, మొదటి మూడు నెలలు బ్లోయర్ పట్టుకుని దుమ్ము కొట్టడమే పని. అప్పుడు విసుగ్గా ఉండేది గానీ పనికొచ్చింది అదే. ఒకసారి రైస్ మిల్లు నుంచి ఫోన్, కాటా దగ్గర కంప్యూటర్ ఆన్ చేసిన పది నిమిషాలకి ఆగిపోతా ఉంది, బయట లారీలు వరసగా నిలబడిపోయాయి, అంతకుముందు చూసినాయన మదర్‌బోర్డు పోయిందన్నాడంట. మూత తీస్తే ప్రాసెసర్ ఫ్యాన్ కింద, వేడి లాగేసే హీట్‌సింక్ రేకుల సందుల్లో తవుడు దుమ్ము అట్టకట్టుకుపోయి ఉంది, గాలాడే దారే లేదు, వేడెక్కి తనంతట తానే ఆగిపోతా ఉంది. ఫ్యాన్ విప్పి బ్రష్షుతో గీకి, ప్రాసెసర్ వేడిని హీట్‌సింక్‌కి అందించే పేస్టు ఎండిపోయి ఉంటే తుడిచి కొత్తది రాసి బిగిస్తే సాయంత్రం దాకా ఆగకుండా నడిచింది. బోర్డు మార్చుంటే మిల్లాయనకి వేలల్లో బొక్క.

తప్పులూ చేశా. ఒక డాక్యుమెంట్ రైటర్ గారి సిస్టమ్ వైరస్ పట్టిందని తెస్తే, డెస్క్‌టాప్ మీద ఏముందో అడక్కుండా సి డ్రైవ్ ఫార్మాట్ కొట్టేశా, ఆయన ఏళ్ళ తరబడి తయారు చేసుకున్న దస్తావేజుల నమూనాలన్నీ పోయాయి. పెద్దాయన తిట్టలేదు, ఊరికే కుర్చీలో కూర్చుండిపోయాడు. ఆ రోజు నుంచి బ్యాకప్ తీయకుండా ఏ మిషన్ మీదా చెయ్యి వేయను, నా దగ్గరికొచ్చే పిలకాయలకి మొదటి రోజు చెప్పేదీ ఇదే.

తల్లిదండ్రులకి నా మాట ఏందంటే, వేలు పోసి ప్రైవేటు కోర్సులో చేర్చే ముందు ఐటీఐ సంగతి కనుక్కోండి. కోపా (కంప్యూటర్ ఆపరేటర్, ప్రోగ్రామింగ్ అసిస్టెంట్) ట్రేడ్ ఒక ఏడాది, పదో తరగతి పాసైతే చాలు. చేరాక సాయంత్రాలు ఏదన్నా షాపులో కూర్చోవాల, జీతం తక్కువైనా సరే. కేబుల్ క్రింపింగ్, అంటే నెట్ కేబుల్ కొనకి కనెక్టర్ బిగించడం, లోపలి తీగల రంగులు ఆరెంజ్ వైట్, ఆరెంజ్, గ్రీన్ వైట్, బ్లూ, బ్లూ వైట్, గ్రీన్, బ్రౌన్ వైట్, బ్రౌన్ అని వరస బట్టీ పడితే రాదు, పది కనెక్టర్లు పాడు చేస్తేనే వస్తది. నెట్ రావట్లేదంటే ముందు ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో ఆ సిస్టమ్ అడ్రస్, చూడాల, 169.254తో మొదలైతే సిస్టమ్‌కి డీహెచ్‌సీపీ (మామూలుగా రూటర్‌లో ఉండి అడ్రస్‌లు పంచే ఏర్పాటు) నుంచి అడ్రస్ అందలేదని అర్థం, అప్పుడు విండోస్ మళ్ళీ వేయడం కాదు, కేబుల్, స్విచ్, రూటర్ చూసుకోవాల. ప్రతి కంప్లయింటూ, అది ఎట్లా పోయిందీ ఒక నోటుబుక్కులో రాసుకుంటా పోతే రెండేళ్ళకి అదే పెద్ద ఆస్తి. ఆ తర్వాత సీసీఎన్ఏ, అంటే సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్. పరీక్ష ఫీజు 300 డాలర్లు, మూడేళ్ళే చెల్లుతుంది, కాబట్టి తొందరపడి కట్టొద్దు, సిస్కో వాళ్ళ ప్యాకెట్ ట్రేసర్ (కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్ కట్టి చూసుకునే సాఫ్ట్‌వేర్) ఫ్రీగా దొరుకుతుంది, అందులో చెయ్యి తిరిగినాకే రాయాల. నా దగ్గర చేసిన పిల్లోడొకడు అట్లానే రాసి ఇప్పుడు చెన్నైలో నెట్‌వర్క్ సపోర్ట్ చేస్తన్నాడు.

పని లేదని భయపడొద్దు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు లేని పాత మిషన్లు విండోస్ 11ని తీసుకోవు, మన ఊళ్ళో షాపులు, క్లినిక్కులు, ఆడిటర్ ఆఫీసులు అన్నిట్లో ఇదే గొడవ, సరైన సలహా చెప్పే మనిషి కోసం చూస్తన్నారు.

ఇక నేను అడిగేది. ఆఫీసుల్లో, స్కూళ్ళలో మూలన పడేసిన కంప్యూటర్లు ఎన్ని చూశానో, వర్షానికి తడిసి తుప్పు పట్టి చివరికి పాతసామాన్ల బండికి పోతాయి. ముందే హార్డ్‌డిస్కులు తీసేసి మిగతాది ఐటీఐలకి, పాలిటెక్నిక్‌లకి ఇస్తే పిలకాయలు విప్పుకుని బిగించుకుని నేర్చుకుంటారు, పాడైనా నష్టం లేదు. కలెక్టర్ గారి దృష్టికి మీ పేపర్ ద్వారా ఈ మాట వెళ్తే బాగుంటది. నేర్పే మనిషి లేడంటారేమో, ఆదివారాలు నేనొస్తా, డబ్బులొద్దు. ఆ కోవూరు పిల్లోడు ఇప్పుడు మా షాపులోనే ఉన్నాడు, బ్లోయర్‌తో మొదలుపెట్టాడు.

ఇట్లు,
ఒక కంప్యూటర్ టెక్నీషియన్,
వేదాయపాలెం, నెల్లూరు.