నువ్వు పంపిన పొడి డబ్బాల గురించి

అమ్మడూ,

నిన్న మధ్యాహ్నం కొరియర్ అబ్బాయి వచ్చాడు. మీ నాన్న సంతకం పెట్టి తీసుకుని, బట్టలేవో పంపినట్టున్నావని నా మంచం మీద పెట్టి వెళ్లారు. విప్పితే నా రొమ్ము క్యాన్సరుకని లక్ష్మణఫలం ఆకుల పొడి, రెండు డబ్బాలు. ధర చూసి ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత కాసేపు ఏమీ తోచలేదు. రాత్రి ఫోన్లో చెబుదామనుకున్నాను కానీ ఫోన్లో నేను గట్టిగా ఒక మాటంటే నువ్వు ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నేను సరేలే తాగుతాలే అనేస్తాను. అందుకని ఇలా వాట్సాప్‌లోనే రాస్తున్నాను, కుడి చేత్తో ఒక్కో అక్షరం కొట్టుకుంటూ. పొద్దున్న మొదలుపెట్టాను, మధ్యలో నిద్రపోయాను కూడా. ఎక్కడైనా తెగినట్టుంటే సర్దుకో.

ఆ పొడి నేను తాగను. లక్ష్మణఫలం సంగతి కిందటి వేసవిలోనే డాక్టరమ్మని అడిగేశాను, మన వీధి చివరి వాళ్లు ఆకులు కోసి తెచ్చిచ్చినప్పుడు. ఆవిడ విసుక్కోలేదు. ల్యాబులో గిన్నెలో ఉన్న క్యాన్సర్ కణాల మీద పోస్తే చచ్చాయని రాశారమ్మా, నిజమే, కానీ గిన్నెలో ఫినాయిల్ పోసినా చస్తాయి కదా, మనుషులకిచ్చి చూసి తగ్గిందని ఎవరూ నిరూపించలేదు అంది. పైగా అది ఎక్కువ రోజులు వాడితే నరాలకి మంచిది కాదని అనుమానాలున్నాయట. నాకు ఆ రెండో రకం కీమో, పాక్లిటాక్సెల్, దాని వల్ల ఇప్పటికే వేళ్ల చివర్లూ అరికాళ్లూ తిమ్మిరిగా ఉంటున్నాయి. పువ్వులకి దారం ముడి వేయడం రావడం లేదు. ఇంక ఆ తిమ్మిరి మీద ఇంకో తిమ్మిరి ఎందుకు?

నవ్వెందుకొచ్చిందో చెబుతాను. ఇది నీకు చెప్పని సంగతి, మీ నాన్నకి కూడా ఆలస్యంగానే తెలిసింది. కిందటేడాది వరలక్ష్మీ వ్రతం నాడు తలంటు పోసుకుంటుంటే రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. రేగుపండంత. నొప్పి లేదు. నొప్పి లేనిది మనల్ని ఏం చేస్తుందిలే అనుకున్నాను. సరిగ్గా అక్కడే మోసపోయాను, ఈ గడ్డ చాలామందికి మొదట్లో నొప్పే పుట్టదని ఆ తర్వాత ఆసుపత్రిలో చెప్పారు. ఎవరికీ చెప్పకుండా, ఎవరో చెప్పిన ఒక ఆకు వైద్యుడి దగ్గరికి బస్సెక్కి వెళ్లొచ్చాను. ఆయన పసరు కట్టమన్నాడు. మోకాలి నొప్పికి అని ఇంట్లో చెప్పి రోజూ రాత్రి కట్టుకునేదాన్ని. చర్మం కమిలిపోయి రసి కారింది, అది చెడు బయటికొస్తోందని ఆయన అంటే నేను నమ్మాను. శ్రావణం నుంచి సంక్రాంతి దాకా, లెక్క చూసుకో, ఐదు నెలలు. భోగి నాడు మీ అత్త వీపు రుద్దుతూ చూసి, నూనె గిన్నె అక్కడే వదిలేసి మీ నాన్న దగ్గరికి పరిగెత్తింది. అప్పటికి రేగుపండు నిమ్మకాయంత అయింది, చంకలో ఇంకోటి తగిలింది. ఆ ఆకు వైద్యుడు నా దగ్గర పెద్దగా డబ్బేమీ తీసుకోలేదులే. తీసుకున్నది నా ఐదు నెలలు, అవి నేనే ఇచ్చాను. ఆయన పేరు అడక్కు, చెప్పను.

అందుకే నువ్వు పంపినవి చూస్తే నా పసరు గిన్నె గుర్తొచ్చింది. నువ్వు చదువుకున్నదానివి కాబట్టి నీది డబ్బాలో వచ్చింది, అంతే తేడా.

కటక్‌లో ఆచార్య హరిహర్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది కదా, ఒడిశాలో ఉంటూ ఆంధ్రాకెందుకు అని మీ పెదనాన్న ఇప్పటికీ అంటూనే ఉంటారు. అది పెద్ద ఆసుపత్రే, చెడ్డదని ఎవరన్నారు? కానీ మనకి పర్లాకిమిడి నుంచి విశాఖే దగ్గర, గుణుపురం బండెక్కి కూర్చుంటే దిగడమే, పైగా నా బాధ నేను తెలుగులో చెప్పుకోవాలి. ఒడియా వచ్చు, కూరగాయలు బేరమాడేంత వచ్చు. ఎక్కడ ఎలా ఉందో, ఏది సిగ్గుగా ఉందో చెప్పేంత రాదు. విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది కదా, ముంబై టాటా మెమోరియల్ వాళ్లదే, అక్కడికి వెళ్లాం. సూది పరీక్ష అన్నప్పుడు మీ అత్తే అడ్డుపడింది, సూది గుచ్చితే పాకుతుందంటారు కదా అని. నాకూ లోపల అదే భయం. డాక్టరమ్మ కాగితం మీద రొమ్ము బొమ్మ గీసి, సూది ఎంత లోపలికి వెళ్తుందో, ముక్క తీసి చూడకపోతే ఏ మందు పనిచేస్తుందో ఎలా తెలుస్తుందో చెప్పింది. హార్మోను రకమా, హెర్ టూ రకమా అని చూసి దాన్ని బట్టే మందు పెడతారట. మరి ఆ పొడి డబ్బా మీద ఏ రకానికో రాసుందా? నేను కళ్లజోడు పెట్టుకుని వెతికాను.

ఇప్పుడు ఎవరేం చెప్పినా నాకు మూడు అనుమానాలు వస్తాయి. ఇది మనుషులకిచ్చి చూశారా, చెప్పేవాళ్లే అమ్ముతున్నారా, డాక్టరుకి చెప్పొద్దని అంటున్నారా. ఈ చివరిది వినబడగానే లేచి వచ్చేస్తాను. పసరాయన మొదటి రోజే అన్నాడు ఆ మాట.

చక్కెర మానేస్తే గడ్డ ఎండిపోతుందని నువ్వు పంపిన వీడియో కూడా చూశాను. మానేసి చూశాను కూడా, రెండో కీమో తర్వాత, అన్నం కూడా తగ్గించేసి. నాలుగు కిలోలు తగ్గాను, గడ్డ తగ్గలేదు. నువ్వు తినకపోయినా ఒళ్లు తనకి కావలసిన గ్లూకోజు తనే చేసుకుంటుంది, నువ్వు మాత్రం బక్కచిక్కి కీమో తట్టుకోలేవు అని అక్కడి డైట్ అమ్మాయి మందలించి రోజుకో గుడ్డు, పప్పు, పెరుగు రాసిచ్చింది. మీ నాన్న రాగి జావ కాయడం నేర్చుకున్నారు. ఉండలు కడుతుంది, అయినా తాగుతాను. పసుపు సంగతి అడిగావు, కూరలో పసుపు కూరలోనే వేసుకోమన్నారు, మాత్రలుగా మింగేవి మాత్రం కీమోతో కలపొద్దన్నారు. ఇంక ఆ నిమ్మరసం, వంటసోడా తాగితే రక్తం మారి క్యాన్సరు పోతుందన్న వీడియో. సోడా తాగితే రక్తం మారిపోదట, కానీ వృథా ఏం పోలేదు, నోరంతా పూసినప్పుడు గోరువెచ్చటి నీళ్లలో కాస్త ఉప్పు, కాస్త వంటసోడా వేసి పుక్కిలించమని నర్సే చెప్పింది. నిజంగా హాయిగా ఉండేది. సో, సోడా మంచిదే, మింగకుండా ఉంటే.

జ్వరం వచ్చిన రాత్రి గురించి నీకు సగమే చెప్పాం. ఎర్ర మందు, అంటే నా మొదటి రకం కీమో, మూడోసారి ఎక్కించుకుని వచ్చిన పదో రోజు. రాత్రి తొమ్మిదిన్నరకి వణుకు. థర్మామీటరు 101 చూపించింది. వీధిలో వాళ్లు వచ్చి డోలో వేసుకుని దుప్పటి కప్పుకో, పొద్దున్న చూద్దాం అన్నారు, మీ నాన్న అప్పటికే మాత్ర చింపారు. నాకు ఆసుపత్రిలో ఇచ్చిన కార్డు గుర్తొచ్చింది, ఫ్రిజ్ మీద అంటించాను కదా, 100.4 దాటితే పగలైనా రాత్రైనా వెంటనే రండి అని. కీమో అయ్యాక ఒకటీ రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి, అప్పుడొచ్చే జ్వరం మామూలు జ్వరం కాదు, మాత్ర వేసి దాన్ని దాచేయకూడదు. ఫోన్ చేస్తే అగనంపూడి దాకా రాకండి, ముందు దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పరిగెత్తండి, రక్తం చూసి యాంటీబయాటిక్ పెట్టించండి అన్నారు. పక్కింటి ఒడియా వాళ్ల అబ్బాయి, నువ్వు చిన్నప్పుడు సైకిలు నేర్పావే వాడే, లుంగీ మీదే బండి తీశాడు. దారంతా "మౌసీ, నిద్రపోకు మౌసీ" అంటూనే ఉన్నాడు. తెల్లకణాలు ఐదు వందల కంటే తక్కువ ఉన్నాయి. నాలుగు రోజులు ఉంచుకున్నారు. ఆ మాత్ర వేసుకుని పడుకుని ఉంటే పొద్దున్న ఏమయ్యేదో మీ నాన్న ఇప్పటికీ అనరు, ఆ స్ట్రిప్పు మాత్రం పారేశారు.

ఖర్చు గురించి నువ్వు లోను పెట్టొద్దు. మన ఒడిశా ప్రభుత్వ ఆరోగ్య కార్డు, ఆయుష్మాన్ గోపబంధు, దాని మీద ఇంటికి 5 లక్షలు, ఆడవాళ్లకి ఇంకో 5 లక్షలు ఉంది, జాబితాలో ఉంటే బయటి రాష్ట్రం ఆసుపత్రిలోనైనా చెల్లుతుంది. ముందు 14555కి ఫోన్ చేసి అడగాలి, కౌంటరు దగ్గర నిలబడ్డాక కాదు. రైలుకి ఆసుపత్రి వాళ్లు ఫారం సంతకం చేసిస్తారు. స్లీపరు, థర్డ్ ఏసీలో నాకు టికెట్టే లేదు, తోడొచ్చినవాళ్లకి 75 శాతం తగ్గుతుంది. మీ నాన్నకి ఇది తెలియక మొదటి రెండు సార్లు నిండు టికెట్టు కొన్నారు. ఇది చెప్పింది కూడా ఆఫీసు వాళ్లు కాదు, గుణుపురం ఆవిడ.

ఆ గుణుపురం ఆవిడ గురించి చెప్పాలి నీకు. కీమో వార్డులో పక్క కుర్చీ. ఆవిడకి నాకంటే ఏడాది ముందు. మొదటిరోజు నేను బిగుసుకుని కూర్చుంటే, ఎర్ర మందు ఎక్కాక మూత్రం ఎర్రగా వస్తుంది, రక్తమనుకుని అరవకండి వదినా, అని చెవిలో చెప్పింది. ఆ ఒక్క మాట లేకపోతే ఆ రాత్రి లాడ్జిలో నేను నిజంగానే అరిచేదాన్ని. రెండో కీమో ముందు జుట్టు దువ్వెనతో పాటు ఊడి వచ్చేస్తుంటే ఆవిడే ఫోన్లో, ఊడనివ్వకు, నువ్వే తీయించెయ్, ఏడుపు ఒక్కరోజుతో పోతుంది అంది. చుట్టాలు వచ్చి అయ్యో అంటారు. ఈవిడ ఎప్పుడూ అయ్యో అనలేదు, ఏం తిన్నావు అని అడుగుతుంది. నిద్ర పట్టని రోజుల్లో ఆవిడని ఎన్నిసార్లని లేపుతాను, అందుకని ఒకసారి 14416కి, అదే మనసు బాగోలేనివాళ్లకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను టెలీ మానస్‌కి చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఇరవై నిమిషాలు విన్నారు. టెన్షన్ నాకే కాదు నీకూ ఉంది, వీడియోలు చూసే బదులు నువ్వూ ఒకసారి చెయ్యి.

దేవుడి మాటకొస్తాను. అమ్మకి భక్తి తగ్గిపోయింది, అందుకే మొక్కులు మొక్కడం లేదని నువ్వు తమ్ముడితో అన్నావట. తగ్గలేదే. మహేంద్రతనయ నది దాటి పాతపట్నం నీలమణి దుర్గమ్మ దగ్గరికి ప్రతి కీమో ముందూ వెళ్లాను, గుండుతోనే, కొంగు కప్పుకుని. ఇదివరకు తగ్గించు తల్లీ అని అడిగేదాన్ని. ఇప్పుడు సూది పెట్టే అమ్మాయికి నరం మొదటిసారే దొరకాలి తల్లీ అని అడుగుతున్నాను, ఎక్కువసార్లు దొరికింది. పసరు కట్టుకున్నప్పుడు కూడా మొక్కుకున్నాను, ఆ తల్లి ఏం చేస్తుంది పాపం, మీ అత్తని భోగి నాడు పంపింది. మీ స్నేహితురాలు ప్రార్థన చేయిస్తానందని చెప్పావు, చేయించమను, వద్దనను. కార్తీక మాసం చన్నీటి స్నానాలూ ఉపవాసాలూ మాత్రం ఈ ఏడాది లేవు. గుడి పంతులు గారే అన్నారు, మందులు వేసుకునేవాళ్లకి ఉపవాసం లేదమ్మా, ఇంట్లో ఒక దీపం పెట్టుకో చాలు అని. పెడుతున్నాను. వత్తి మీ నాన్న చేస్తున్నారు, నా వేళ్లకి రావడం లేదు కదా.

అసలు సంగతి ఇప్పుడు రాస్తాను, తప్పించుకోకు. మా పిన్ని నలభై ఏళ్లకే పోయింది, రొమ్ములో కురుపు అనేవాళ్లు, పేరు పలికేవాళ్లు కాదు. అది విని డాక్టరమ్మ నాకు జన్యువుల పరీక్షకి రక్తం తీయించింది. ఆ లోపం నాకుంటే అదే లోపం నీకూ ఉండే అవకాశం సగానికి సగం, తమ్ముడికి కూడా అంతే, మగపిల్లలకి రాదనుకోకు. రిపోర్టు ఏదొచ్చినా నువ్వు ముందు ఒక డాక్టరుకి చూపించుకుని ఏ వయసు నుంచి ఏయే పరీక్షలు చేయించుకోవాలో రాయించుకో. ఆ డబ్బాల డబ్బులు దానికి పెట్టాల్సింది. నా వైద్యం మీద ఇంకా అనుమానం తీరకపోతే, టాటా వాళ్లతో కలిసి పనిచేసే నవ్య అని ఆన్‌లైన్‌లో ఉంది, రిపోర్టులు పంపితే పెద్ద డాక్టర్ల అభిప్రాయం రాసి పంపుతారు. నీ చేతిలో లాప్‌టాప్ ఉంది కదా, ఆ పని చేసిపెట్టు, కాదనను.

ఆపరేషను కుట్లు మానాయి. ఎడమ చేతికి గాజులు వేసుకోవద్దన్నారు వాపు వస్తుందేమోనని, కుడి చేతికే అన్నీ వేసేసుకున్నాను, చప్పుడంతా ఒకవైపే. గోడ మీద వేళ్లతో పాకిస్తూ చెయ్యి పైకి లేపే వ్యాయామం రోజూ చేయాలి. నీ పొడుగు కొలిచి పెన్సిలు గీతలు గీసిన వంటింటి గుమ్మం దగ్గరే చేస్తున్నాను. మొదటి వారం ఒకటో తరగతి నువ్వు కూడా అందలేదు. నిన్న నీ ఏడో తరగతి గీత దాటాను, మీ నాన్న పక్కన చిన్న గీత గీసి తారీఖు వేశారు.

రేడియేషను వచ్చే నెల మొదలు. 15 సార్లు, శని ఆదివారాలు సెలవు, అంటే మూడు వారాలు అగనంపూడి దగ్గర గది తీసుకుని ఉండాలి. మొదటి రెండు వారాలు మీ నాన్న, అత్త ఉంటారు. మూడో వారం నువ్వు రా. చర్మం మండేది అప్పుడేనట. మెత్తటి నూలు జాకెట్లు, ముందు హుక్సువి, నాలుగు కుట్టించి తీసుకురా, పాత కొలతల కంటే ఒక అంగుళం వదులు పెట్టమను. డబ్బాలు విప్పలేదు, వెనక్కి తీసుకుంటారేమో కనుక్కో.

అమ్మ