సూరీ, నాన్నగారి కిడ్నీ క్యాన్సర్ ఆపరేషన్ గురించి

ఒరేయ్ సూరీ,

నువ్వు పంపిన స్కాన్ రిపోర్టు రాత్రి డ్యూటీ అయ్యాక చూశాను. నాన్నగారు పక్కనే ఉంటే ఫోన్‌లో నువ్వు అడగలేవు, నేను చెప్పలేను. అందుకే రాస్తున్నాను. మీ అన్నయ్యకి కూడా చదివి వినిపించు.

"రక్తనాళంలోకి పోయిందంట, కత్తి పెడితే ఒళ్లంతా పాకుద్ది, ఇంటికి తీసుకుపోదాం" అని మీ మేనమామ అంటున్నాడని రాశావు. దయచేసి ఆ మాట వినకండి. కిడ్నీ క్యాన్సర్ వచ్చినవాళ్లలో నూటికి 4 నుంచి 10 మందికి గడ్డ కిడ్నీ సిరలోకి, అక్కణ్ణుంచి గుండెకి రక్తం తీసుకెళ్లే ఐవీసీ అనే పెద్ద సిరలోకి పెరుగుతుంది, మంచినీళ్ల పైపులోకి చెట్టు వేరు దూరినట్టు. కుడి కిడ్నీ సిర పొట్టిది కాబట్టి అటువైపు ఎక్కువ. చాలామందిలో అది సిర గోడకి అతుక్కోదు. సిరను తెరిచి, కిడ్నీతో పాటు దాన్ని బయటికి తీసి, మళ్లీ కుట్టేస్తారు. ఏ వైద్యమూ లేకుండా వదిలేస్తే మాత్రం చాలామందికి మిగిలేది నెలలేరా.

రిపోర్టులో "లెవెల్ 2" అని ఉంది చూడు. అంటే కాలేయం సిరల కన్నా కిందే ఆగింది. లెవెల్ 3 అంటే ఆ సిరల దాకా, 4 అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం, డయాఫ్రం, దాటి పైకి, ఒక్కోసారి గుండె కుడి గదిలోకి కూడా. అలాంటి కేసుల్లోనే నేను నడిపే హార్ట్-లంగ్ మెషిన్‌తో, అంటే ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని చేసే మెషిన్‌తో, పని పడుతుంది. ఒక్కోసారి ఒంటిని 18, 20 డిగ్రీల దాకా చల్లబరిచి, కాసేపు రక్తప్రసరణే ఆపి తీస్తారు. ఆ నిమిషాల్లో థియేటర్‌లో ఎవరూ మాట్లాడరు. నాన్నగారికి బహుశా అంత అవసరం రాదు. అయినా గుండె సర్జన్, హార్ట్-లంగ్ మెషిన్ సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలోనే చేయించాలి. ఖమ్మంలో కాదు, హైదరాబాద్ తీసుకురా. ఇలాంటివి ఎన్ని చేశారని సర్జన్‌నే నేరుగా అడుగు. తప్పేం లేదు.

ప్రమాదం లేదని అబద్ధం చెప్పను. రక్తం చాలా పోవచ్చు. ముక్క ఊడి ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడికక్కడే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే అన్నవాహిక గుండా గుండెని స్కాన్ చేసే గొట్టం (ఎకో ప్రోబ్) పెట్టి చూస్తూ చేస్తారు. గడ్డ గుండె దాకా ఎక్కినవాళ్లకి ఈ ముప్పు ఎక్కువ. కానీ వేరే అవయవాలకి పాకకుండా, పూర్తిగా తీయగలిగితే, దాదాపు సగం మంది 5 ఏళ్లు దాటుతున్నారు. సిరలో ఎంత ఎత్తుకి ఎక్కిందన్నది ఎక్కువగా ఆపరేషన్ ఎంత కష్టమో చెబుతుంది. తర్వాత మనిషి ఎన్నాళ్లుంటాడన్నది లింఫ్ గ్రంథులకో, ఊపిరితిత్తులకో పాకిందా, సిర గోడలోకి చొచ్చుకుపోయిందా అన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. నాన్నగారి ఛాతీ స్కాన్‌లో ఏమీ లేదని చదివి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

తర్వాత తిరగబెట్టకుండా ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు (ఒంట్లోని రోగనిరోధక శక్తే క్యాన్సర్‌తో పోరాడేలా చేసేవి) పెడతారేమో ఆంకాలజిస్టుని అడుగు. అందులో పెంబ్రోలిజుమాబ్ అనే మందు తీసుకున్నవాళ్లు ఎక్కువ కాలం బతుకుతున్నారని 2024లో ఫలితాలొచ్చాయి. ఖరీదు చాలా ఎక్కువ. ముందు ఆపరేషన్ కానివ్వు, దాని సంగతి తర్వాత కూర్చుని చూద్దాం.

ఆలస్యం మాత్రం చెయ్యకు. వారాల్లోనే అది ఇంకా పైకి పెరగొచ్చు. ఆపరేషన్‌కి ముందు కొత్తగా ఎమ్మారై అడుగుతారు, పాతది ఉందిగా అని వాదించకు. రిపోర్టు కాగితాలొక్కటే కాదు, స్కాన్ సీడీలు కూడా తీసుకురా. రక్తం పలచబడే మాత్రలేమైనా వేసుకుంటుంటే రాసిపెట్టు, సొంతంగా ఆపొద్దు. రక్తం ఇవ్వగలిగినవాళ్లని ఇద్దరు ముగ్గుర్ని వెంట తెచ్చుకో. ఉన్నట్టుండి ఆయాసం వస్తే మాత్రం నాకోసం చూడకుండా దగ్గర్లోని ఎమర్జెన్సీకి పరిగెత్తండి.

అమ్మని కూడా తీసుకురా. మూసాపేటలో మా ఇల్లుంది, మెట్రో పక్కనే. మీ చెల్లెలు గది కూడా సర్దేసింది. ఆదివారం బయల్దేరితే సోమవారం పొద్దున్నే ఓపీకి నేనే వెంట వస్తాను. బస్సో రైలో తేల్చుకుని రేపు ఫోన్ చెయ్.

నీ
రవి