ఎవరి భాషలో వాళ్ళు

తల్లిదండ్రులకు నమస్కారం.

క్రైస్తవుల పెంతెకొస్తు పండుగ ఏటా మే 10కీ జూన్ 13కీ మధ్యే వస్తుంది. అంటే దాదాపు ఎప్పుడూ వేసవి సెలవుల్లోనే. అందుకే మన పిల్లలకు క్రిస్మస్, గుడ్ ఫ్రైడే తెలుసు గానీ దీని సంగతి తెలియదు. పెంతెకొస్తు అంటే మైకులో గట్టిగా పాటలు వినిపించే చర్చి అనుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ సంఘాలకు ఆ పేరొచ్చింది ఈ పండుగ నుంచే.

గ్రీకులో ఆ మాటకు యాభయ్యోది అని అర్థం. యేసు తిరిగి లేచిన ఈస్టర్‌ని కూడా కలిపి లెక్కపెడితే యాభయ్యో రోజు. యూదులకు అది అంతకుముందు నుంచే గోధుమ కోతల పండుగ కాబట్టి, ఆ రోజు యెరూషలేము నిండా దూరదేశాల జనం. యేసు శిష్యులున్న ఇంట్లో గాలి హోరు వినిపించిందనీ, అగ్ని నాలుకల్లాంటివి వాళ్ళమీద వాలాయనీ బైబిల్లోని అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో ఉంది. బొమ్మల్లో అందరూ గీసేది ఆ మంటలనే. నాకు మాత్రం ఆ తర్వాతి ముక్క ఇష్టం. గలిలయ ప్రాంతపు మనుషులైన ఆ శిష్యులు మాట్లాడుతుంటే పార్తీయులు, మాదీయులు, ఐగుప్తువాళ్ళు, అరబీయులు ఎవరి భాషలో వాళ్ళు విన్నారు. ముందు మా భాష నేర్చుకు రండి అని వాళ్ళనెవరూ అనలేదు. తాగి వాగుతున్నారని కొందరు నవ్వారట. పొద్దున తొమ్మిదింటికే తాగుతారా అన్నట్టు శిష్యుల్లో ఒకడైన పేతురు జవాబిచ్చాడు.

క్రైస్తవులు ఈ రోజును క్రైస్తవ సంఘం పుట్టినరోజు అంటారు. పరిశుద్ధాత్మ రావడమంటే ఏమిటో ఒక్కో సంఘం ఒక్కోలా చెబుతుంది, ఆ చర్చలోకి నేను పోను. ఫలానా భాషలోనే పిలవాలన్న పట్టింపు దేవుడికి లేదని ఆ రోజే తేలిపోయింది, నాకు అది చాలు.

ఇంత చెబుతున్న నేనే, ఇదివరకు పనిచేసిన ఒక బడిలో, తెలుగు మాట్లాడిన పిల్లల దగ్గర రూపాయి ఫైన్ వసూలు చేశాను. వరండాలో డబ్బా పట్టుకు తిరిగేదాన్ని. ఆదివారం చర్చిలో ఇదే అధ్యాయం చదివేదాన్ని.

కిందటేడు ఒకటో తరగతిలో తండా నుంచి వచ్చిన పాప మూడు రోజులు ఒకటే ఏడుపు. ఇంటి మీద బెంగ అనుకున్నాం. టీచరు బుజ్జగించింది, నేను చాక్లెట్ ఇచ్చాను, లాభం లేదు. నాలుగో రోజు మన ఆయమ్మ పక్కన కూర్చుని లంబాడీలో ఏదో అడిగింది. పాప కాలు చాపి మడమ చూపించింది. కొత్త బూటు కరిచి తోలు ఊడిపోయింది. అంతే సంగతి.

ఈ నెలాఖరు అసెంబ్లీలో పిల్లలు ఆ అధ్యాయం చదువుతారు. మీరు ఏ మతంవారైనా ఒక సాయం చేయండి. "అన్నం తిన్నావా?" అన్న మాట మీ ఇంట్లో ఎలా అంటారో, తెలుగో, ఉర్దూనో, లంబాడీనో, ఒడియానో, చీటీ మీద తెలుగు అక్షరాల్లో రాసి శుక్రవారంలోగా డైరీలో పెట్టి పంపండి. యాస ఉంటే యాసతోనే రాయండి, దిద్దకండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు