మా ఇంటి నల్లా నీళ్లలో మీవాళ్లు చూపించిన తుప్పు గురించి

నల్లగొండ,
11-11-2024

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
వాటర్ ప్యూరిఫయర్ల కంపెనీ,
హైదరాబాద్.

విషయం: ఇంట్లో ఒంటరిగా ఉన్న మా అమ్మను భయపెట్టి తీసుకున్న 2,000 రూపాయల అడ్వాన్సు వాపసు ఇవ్వడం, మీ సేల్స్ వాళ్లు మా ఇంటికి రావడం ఆపడం గురించి.

అయ్యా,

మా గేటుకు ఒక రేకు బోర్డు ఉంది. "సేల్స్ వాళ్లు, చందాల వాళ్లు లోపలికి రావద్దు" అని తెలుగులోనే రాయించాం. అక్టోబరు 17, గురువారం పొద్దున పదకొండు గంటలప్పుడు మీ కుర్రాళ్లు ఇద్దరు ఆ బోర్డు పక్కనున్న గడియ తీసుకునే లోపలికి వచ్చారు. బోర్డు చూడలేదా అని తర్వాత నేను అడిగితే ఒకతను చెప్పిన జవాబు: "అది సేల్స్ వాళ్లకు కదా మేడం, మేం టెస్టింగ్ వాళ్లం."

నిజమే, అమ్మకు కూడా అలాగే చెప్పారు. "అమ్మా, ఈ ఏరియాల నీళ్ల టెస్టింగు జరుగుతున్నది, మీ ఇల్లే మిగిలింది" అన్నారట. మెడలో ట్యాగు, చేతిలో అట్ట, పెన్ను. మా అమ్మకు 68 ఏళ్లు. మున్సిపాలిటీ వాళ్లనుకుని కుర్చీలు వేసింది, చాయ్ కూడా పెట్టింది. నేను ప్రైవేటు స్కూల్లో సైన్స్ టీచర్ని. ఆ టైముకు ఇంట్లో ఉండను. మా వీధిలో చాలా ఇళ్లల్లో ఆ టైముకు ముసలివాళ్లే ఉంటారు. ఆ సంగతి మీవాళ్లకు మాకంటే బాగా తెలుసనిపిస్తుంది, ఎందుకంటే ఆదివారంనాడు మాత్రం ఎవరూ రారు.

తర్వాత జరిగింది అమ్మ నాకు మూడు నాలుగు సార్లు చెప్పింది. రెండు ప్లాస్టిక్ గ్లాసులు పెట్టారు. ఒకదాంట్లో మా నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో వాళ్లు సీసాలో తెచ్చుకున్న నీళ్లు. ముందు పెన్నులాంటి మీటరు ముంచారు. మా నీళ్లకు 310 వచ్చింది, వాళ్ల నీళ్లకు 24. "వంద దాటితే విషమే అమ్మా" అన్నారు. ఆ తర్వాత నాలుగు కడ్డీలున్న డబ్బా ఒకటి రెండు గ్లాసుల మీద బోర్లించి, ప్లగ్గు పెట్టి స్విచ్ వేశారు. నిమిషంలో మా గ్లాసు పచ్చబడి, తర్వాత గోధుమరంగుకు తిరిగి, పైన మడ్డి తేలింది. వాళ్ల గ్లాసు అట్లాగే తెల్లగా ఉంది.

"ఇదంతా ఏంది కొడుకా?" అని అడిగింది అమ్మ.

"ఫ్లోరైడు అమ్మా. ఇన్నేండ్లు మీరు తాగింది ఇదే."

అయ్యా, ఆ మాట ఎక్కడ, ఎవరితో అన్నారో మీకు తెలియాలి. మా అమ్మ పుట్టిల్లు మర్రిగూడ మండలం. ఆమె అన్న, అంటే మా మేనమామ, ముప్పై ఐదేళ్లకే నడుము వంగిపోయి, కర్ర లేకుండా లేవలేని మనిషి. మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిరగాల్సి వచ్చేది. ఆ ఊళ్లో ఫ్లోరైడు ఎక్కువున్న బోరునీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్ల మీద పసుపుపచ్చ చారలు నేను కూడా చూశాను. ఫ్లోరైడును పటికతో, సున్నంతో తీసే పద్ధతికి దేశమంతా నల్లగొండ టెక్నిక్ అని పేరుందంటే, మా జిల్లా పేరు ఎందుకు మోగిందో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ మాట వింటే ఈ జిల్లాలో పెద్దవాళ్లు వేరే ప్రశ్న వెయ్యరు. డబ్బులు తీస్తారు. అమ్మ అదే చేసింది. ముందురోజే బ్యాంకు నుంచి తెచ్చుకున్న ఆసరా పింఛను 2,016 రూపాయలు బీరువాలో ఉంటే, 2,000 తీసి ఇచ్చింది. పదహారు రూపాయలు మిగిలాయి.

బదులుగా ఒక పసుపు చీటీ ఇచ్చారు. మోడల్ పేరు, 14,999, "అడ్వాన్స్ 2,000" అని ఉంది. కింద చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లీషులో, అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదని ఉంది. మా అమ్మ తెలుగు పేపరు కళ్లజోడు పెట్టుకుని తప్పుల్లేకుండా చదువుతుంది. ఇంగ్లీషు రాదు. సంతకం మాత్రం పెట్టించుకున్నారు.

సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి అమ్మ మంచినీళ్ల కుండ మోరీలో వంపుతోంది. ఎందుకమ్మా, మందార చెట్టుకు పోయొచ్చు కదా అన్నాను. "చెట్టు మాత్రం ఏం పాపం చేసింది" అంది.

ఇప్పుడు ఆ గ్లాసు సంగతి. మీ ట్రైనింగ్ వాళ్లకు తెలియదని నేను అనుకోను, కానీ రాతలో ఉండాలని చెబుతున్నాను. ఆ డబ్బాలో రెండు రకాల కడ్డీలున్నాయి, ఇనుపవి, అల్యూమినియంవి. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది. కరెంటు పారితే ఇనుప కడ్డీ కరిగి, ఆ ఇనుమే తుప్పై తేలుతుంది. మీ సీసాలోని నీళ్లలో లవణాలు దాదాపు లేవు, కరెంటు పారదు, కడ్డీ కరగదు, నీళ్లు తెల్లగా ఉంటాయి. అంతే. గ్లాసులో కనిపించిన మడ్డి మా నల్లాలోంచి రాలేదు. మీ డబ్బాలోంచి వచ్చింది. పదో తరగతి పిల్లలకు విద్యుత్ విశ్లేషణ పాఠం ఒకసారి సరిగ్గా చెబితే చాలు, ఈ ఆటలో పడరు.

ఆ మీటరు కూడా ఫ్లోరైడును చూపించదు. నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఎంతో అంచనాగా చెబుతుంది, అందులో ఏవి ఉన్నాయో చెప్పదు. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన ప్రమాణం, ఐఎస్ 10500 ప్రకారం, కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఉండొచ్చు. వేరే దారి లేని చోట 2,000 దాకా ఒప్పుకుంటారు. మాది 310. వంద దాటితే విషమన్న లెక్క మీకు ఎక్కడ దొరికిందో నాకు రాసి పంపండి. ఇక ఫ్లోరైడు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, 1.5 దాటకూడదు. మా ఇంటికొచ్చేది బోరు నీరు కాదు, శుద్ధి చేసి పంపే కృష్ణా నీళ్లు. అయినా అమ్మ మనసు కుదుటపడలేదని సీసాలో పట్టి ప్రభుత్వ నీటి ల్యాబులో ఇచ్చాను. 0.4 వచ్చింది. ఆ కాగితం నకలు జతచేశాను.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మీరు అమ్మే ఆర్వో మిషన్, అంటే నీళ్లను సన్నని పొరలోంచి నెట్టి వడకట్టేది, ఫ్లోరైడును తీస్తుంది, అందులో అబద్ధం లేదు. బోరు నీళ్లే గతి అయిన ఊళ్లో, ల్యాబులో ఫ్లోరైడు ఎక్కువని తేలితే, కొనుక్కోమని నేనే చెబుతాను. మా మేనమామ చిన్నప్పుడు అలాంటిది ఒకటి ఉంటే ఎంత బాగుండేదో. కానీ అవసరం లేని ఇంట్లో అది పెడితే ఒక బిందె మంచినీళ్లకు రెండు మూడు బిందెలు పైపులోంచి మోరీలోకి పోతాయి. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు లవణాలున్న చోట ఆర్వోను నిషేధించమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్రానికి చెప్పింది కూడా.

అక్టోబరు 20, ఆదివారం. ఆదివారాలు రారని పైన రాశాను కానీ మిగతా డబ్బులు వసూలు చేసేటప్పుడు ఆ నియమం లేనట్టుంది. అదే కుర్రాళ్లలో ఒకతను, ఇంకో మెకానిక్‌తో కలిసి మిషన్ పట్టుకుని వచ్చాడు. ఈసారి నేను ఉన్నాను. మిషన్ పెట్టడానికి ముందు ఆ టెస్టు ఇంకోసారి నా ముందు చెయ్యమన్నాను. ఉత్సాహంగానే డబ్బా తీశాడు. స్విచ్ వెయ్యబోతుంటే ఆగమని, వంటింట్లోంచి ఉప్పు డబ్బా తెచ్చి, అతని సీసా నీళ్లున్న గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి కలిపాను. మనం రోజూ పప్పులో వేసుకునే ఉప్పే.

"అట్ల చెయ్యొద్దు మేడం," అన్నాడు.

"ఎందుకు బాబూ, ఉప్పులో ఫ్లోరైడు ఉంటదా?"

ఏం మాట్లాడలేదు. నేనే స్విచ్ వేశాను. మా నల్లా నీళ్లకు నిమిషం పట్టింది కదా, మీ కంపెనీ నీళ్లకు అంతసేపు పట్టలేదు. మా గ్లాసు కంటే చిక్కగా, కుండ అడుగు మడ్డిలా అయింది. అమ్మ ముందుకు వంగి చూసి, అతని మొహం చూసి, ఒక్కమాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. డిగ్రీ అయిపోయి ఏడాదైందట. నెలకు ఇన్ని మిషన్లని టార్గెటు, అవి అమ్మకపోతే పెట్రోలు డబ్బులు కూడా రావట. "మాకు ట్రైనింగ్‌లో ఇట్లనే చెప్పిన్రు మేడం" అన్నాడు. నేను నమ్ముతున్నాను. ఈ ఉత్తరం చూసి అతన్ని పనిలోంచి తీసేసి, "బాధ్యులపై చర్య తీసుకున్నాం" అని నాకు జవాబు రాయకండి. ఆ డబ్బా కొని అతని చేతికిచ్చిన వాళ్లెవరో చెప్పండి.

మిషన్ వెనక్కి పంపాను. అడ్వాన్సు అడిగితే ఆఫీసులో మాట్లాడమన్నారు. మీ టోల్‌ఫ్రీ నంబరుకు రెండుసార్లు చేశాను. మొదటిసారి ఇరవై నిమిషాలు పాట వినిపించి కట్ అయింది. రెండోసారి ఒక అమ్మాయి మర్యాదగా విని ఫిర్యాదు నంబరు ఇచ్చింది. మర్నాడు మధ్యాహ్నం మెసేజీ: "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది." నాతో ఎవరూ మాట్లాడనే లేదు. పైగా ఆ వారం నుంచి అమ్మ ఫోనుకు కొత్త కొత్త నంబర్ల నుంచి కాల్స్. ఒకరు ఈఎంఐ లోన్ అంటారు, ఒకరు పరుపులంటారు, ఒకరు చిమ్నీ అంటారు. ఆ నంబరు బంధువులకు, బ్యాంకుకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మీ పసుపు చీటీ మీద తప్ప. 1909కి చేసి, అమ్మకాల కాల్స్ రాకుండా ఆపే డీఎన్‌డీ జాబితాలో ఆ నంబరు పెట్టించాను. నవంబరు 5న మళ్లీ మీ కంపెనీ నుంచే వేరే ఇద్దరు వచ్చి, "ఫ్రీ టెస్టింగ్ అమ్మా" అన్నారు. అమ్మ తలుపు తియ్యలేదు. కిటికీలోంచే పొమ్మంది. ఆ తర్వాత సాయంత్రం దాకా తలుపు గడియ పెట్టుకునే కూర్చుంది. ఆకుకూరలమ్మ కేకేసినా తియ్యలేదట.

చట్టం మాటకొస్తే, 2021 డిసెంబరు 28న కేంద్రం ఇచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నియమాల్లో, అమ్మడానికి ఇంటికొచ్చే మనిషి ముందుగా అనుమతి తీసుకోవాలని, గుర్తింపు కార్డు పెట్టుకోవాలని, అడక్కముందే తానెవరో, ఏ కంపెనీయో, ఏం అమ్మడానికి వచ్చాడో చెప్పాలని ఉంది. మాది ఆ తరహా కంపెనీ కాదు, మాకు షోరూములున్నాయి అని మీ వకీలు అనొచ్చు. అననివ్వండి. వస్తువు గురించి, దాని అవసరం గురించి అబద్ధం చెప్పి అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. దానికి షోరూము ఉందా లేదా అన్న తేడా లేదు.

నేను అడుగుతున్నవి పెద్దవేం కావు. 2,000 రూపాయలు అమ్మ బ్యాంకు ఖాతాలో వెయ్యండి, పాసుపుస్తకం మొదటి పేజీ నకలు పెట్టాను. అమ్మ నంబరు, మా అడ్రసు మీ లిస్టుల్లోంచి తీసెయ్యండి, ఎవరెవరికి ఇచ్చారో వాళ్లతో కూడా తీయించండి, తీశామని రాసివ్వండి. కడ్డీల డబ్బా టెస్టు మీ కంపెనీలో ఎక్కడా చెయ్యబోమని రాతపూర్వకంగా చెప్పండి. ఈ మూడోది నాకు డబ్బుల కంటే ముఖ్యం. మా వీధిలోనే ఇంకో రెండిళ్లలో మీ మిషన్లు గోడకు ఉన్నాయి, ఆ ఇళ్లల్లోనూ అదే నల్లా నీళ్లు, అదే గ్లాసు చూపించారట.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసి, ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ఆ 2019 చట్టం ప్రకారం మేం ఉండే ఊళ్లోనే వెయ్యొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. మీరే హైదరాబాద్ నుంచి వాయిదాలకు రావాలి.

అమ్మ ఇంకా నల్లా నీళ్లు తాగడం లేదు. ల్యాబు కాగితం చదివి వినిపించాను, ఉప్పు ఆట కళ్లారా చూసింది, అయినా 20 రూపాయల క్యాను తెప్పించుకుంటోంది. "తెలుసు బిడ్డా, కానీ గ్లాసు పట్టుకుంటే అన్న యాదికొస్తుండు" అంటుంది. దీనికి వాపసు ఏమిటో నాకు తెలియదు కాబట్టి అడగడం లేదు.

మీవాళ్లు హడావిడిగా పోతూ ఒక ప్లాస్టిక్ గ్లాసు మా ఇంట్లో మరిచిపోయారు. మీ సీసా నీళ్లు పోసిన గ్లాసే అది. అడుగున తుప్పు ఎండి అట్టకట్టింది, కడగలేదు. కమిషన్‌కు పనికొస్తుందని దాచాను. అంతకుముందే కావాలంటే ఫోన్ చేసి, రోజు, టైము చెప్పి, నేను ఇంట్లో ఉన్నప్పుడు వచ్చి తీసుకెళ్లండి.

ఇట్లు,
మీ రసీదు మీద సంతకం ఉన్నామె కూతురు

జతచేసినవి: పసుపు రసీదు నకలు, నీటి ల్యాబు రిపోర్టు నకలు, పాసుపుస్తకం మొదటి పేజీ నకలు, రెండు గ్లాసుల ఫొటో.