ఫొటో కింద వేషగాడి పేరు

సంపాదకులకు నమస్కారం.

మే నెలలో మీ జిల్లా పేజీలో భారతం ఉత్సవంలో తపస్సు మాను, అంటే అర్జునుడు తపస్సుకని ఎక్కే పొడవాటి మాను, ఎక్కుతున్న అర్జునుడి ఫొటో వేశారు. బాగా వచ్చింది. కింద ఊరి పేరు, ఉత్సవ కమిటీ అధ్యక్షుడి పేరు, వచ్చిన నాయకుల పేర్లు ఉన్నాయి. మాను మీదున్నది నేను. నా పేరూ లేదు, మా నాటక బృందం పేరూ లేదు.

చిత్తూరు చుట్టుపక్కల ధర్మరాజుల గుళ్లలో భారతం జరిగితే మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. 26 ఏళ్లుగా అర్జునుడి వేషం కడుతున్నాను. తపస్సు రోజు కట్టె కిరీటం, భుజకీర్తులు పెట్టుకుని, పద్యాలు పాడుకుంటూ ఆ ఎత్తంతా ఎక్కాలి. ఎండకు మాను కాలిపోతుంటుంది. సంతానం కోసం మొక్కుకున్న ఆడవాళ్లు కింద తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు. నిమ్మకాయలు, విభూతి వాళ్ల వైపు పడేటట్టు విసరడమూ నేర్చుకోవలసిన పనే. రాత్రి నాటకంలో పద్యం తప్పితే హార్మోనియం మేష్టారు సర్దేస్తారు. మాను మీద కాలు తప్పితే సర్దేవాళ్లు లేరు.

రాత్రికి నా చేతికొచ్చేది 1,500 రూపాయలు. జూన్, జూలైలో తోతాపురి కాయ గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే రోజుల్లో పగలు లారీలకు కాయ ఎత్తుతాను, రాత్రి గాండీవం ఎత్తుతాను.

పేరు గొడవ ఎందుకంటారా? నిరుడు ఒక కుర్రాడు మా నాటకం తెల్లవారేదాకా ఫోనులో తీసి యూట్యూబ్‌లో పెట్టాడు. అది చూసి పలమనేరు వైపు ఒక ఊరి కమిటీవాళ్లు ‘ఈ అర్జునుడే కావాలి’ అనుకున్నారట. వీడియోలో బృందం పేరు లేదు. ఆ కుర్రాడికి ఫోను చేస్తే తనకు తెలిసిన వేరే బృందం నంబరు ఇచ్చాడు. తాంబూలం, అడ్వాన్సు వాళ్లకు వెళ్లాయి. రెండు బృందాలకూ వాయించే మేష్టారు చెబితేగాని నాకు తెలియలేదు. ఆ బృందం మీద నాకు కోపం లేదు, వాళ్లూ మాలాంటివాళ్లే. కానీ పోయింది పది రాత్రుల పని, పద్నాలుగు మందికి.

మా అమ్మాయి తిరుపతిలో లా చదువుతోంది. 1957 నాటి కాపీరైట్ చట్టంలో ప్రదర్శకులంటే ఎవరో చదివి వినిపించింది. నటులు, గాయకులతోపాటు గారడీవాళ్లు, పాములవాళ్లు కూడా ఉన్నారు. 2012 సవరణతో వచ్చిన 38బీ సెక్షన్ ప్రకారం, ప్రదర్శన తనదని పేరు చెప్పించుకునే హక్కు ప్రదర్శకుడికి ఉంది. వార్త కోసం వేసే ఫొటోకు ఇది వర్తిస్తుందా అని మీతో వాదనకు దిగను. పాములవాడిని కూడా మరిచిపోని చట్టం ఉందని మీ విలేకరికి చెప్పండి, చాలు.

ఈసారి ఫొటో తీసినప్పుడు హార్మోనియం పెట్టె వైపు ఒకసారి చూడమనండి. బృందం పేరు తెల్ల రంగుతో రాసే ఉంది.

ఈ ఉత్తరం కింద మాత్రం నా పేరు వేయకండి. నవ్వుకోండి, ఫరవాలేదు. ఇంకా రెండు ఊళ్ల కమిటీల నుంచి మాకు డబ్బు రావాలి.

– భారతం నాటక కళాకారుడు, చిత్తూరు