ఇకపై మా తోట అంచుకు దుప్పులు రావు

నల్లమల అడవి అంచున, మన్ననూరు దగ్గర మా గుడారాల్లో బస చేసిన వారికి, చేయబోతున్న వారికి నమస్కారం.

ఏటా జూలై 1 నుంచి సెప్టెంబరు 30 వరకు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సఫారీలు ఉండవు. ఆ మూడు నెలలూ మేము కూడా గుడారాలు విప్పి, ఎండ కాసినప్పుడల్లా గుడ్డలు ఆరబెట్టుకుంటూ గడుపుతాం. అక్టోబరు 1న అడవి తెరుస్తారు కాబట్టి బుకింగుల కోసం ఫోన్లు మొదలయ్యాయి. చాలామంది అడుగుతున్న మొదటి ప్రశ్న ఒకటే: "పోయిన వేసవిలో లాగే గుడారం ముందు నుంచే దుప్పులు కనిపిస్తాయి కదా?" కనిపించవు. వాటిని రప్పించే ఏర్పాటును మేమే తీసేశాం. డబ్బు కట్టే ముందే మీకు ఆ సంగతి తెలియాలని ఇది రాస్తున్నాను.

రెండేళ్ల క్రితం తోట చివర, కంచెకు అవతల ఒక సిమెంటు తొట్టె కట్టించాను. వేసవి వచ్చేసరికి నల్లమలలో చిన్న వాగులన్నీ ఎండిపోతాయి, జంతువులు నీళ్లున్న చోటు వెతుక్కుంటూ తిరుగుతాయి. రోజూ సాయంత్రం మోటారు వేసి తొట్టె నింపేవాళ్లం. పక్కనే ఉప్పు గడ్డలు పెట్టాం. వారం తిరగకముందే దుప్పులు రావడం మొదలైంది. ముందు రెండు, తర్వాత పది, పన్నెండు. పిల్లలు ఊపిరి బిగబట్టి చూసేవారు. మీరు తీసిన ఫొటోలు చూసి కొత్తవారు వచ్చారు. ఆ తొట్టె వల్లే మా గుడారాలు నిండాయి, ఇందులో దాచడానికి ఏమీ లేదు.

మా దగ్గర పనిచేసే చెంచు పెద్దాయన మొదటి రోజే వద్దన్నారు. "దుప్పికి దారి చూపిస్తే చిరుతకూ చూపించినట్టే" అన్నారు. విన్నాను కానీ పట్టించుకోలేదు.

ఈ ఏప్రిల్‌లో ఒక తెల్లవారుజామున కుక్కల అరుపులకు లేచాను. నీళ్లకు వచ్చిన ఒక ఆడదుప్పిని ఊరకుక్కలు తరిమితే అది మా ఇనుప తీగల కంచెలో పడి చిక్కుకుంది. దగ్గరికి వెళ్లేసరికి ఇంకా ప్రాణం ఉంది. గొంతు కింద తెల్లటి వెంట్రుకలు నెత్తుటితో అట్టకట్టాయి, పక్కటెముకలు ఎగిసిపడుతున్నాయి, నల్లటి ముక్కు మీద తడి మెరుస్తోంది. అటవీ సిబ్బందికి ఫోను చేశాను. వాళ్లు వచ్చేలోపే అది చనిపోయింది. ఆ రాత్రి బస చేసిన ఒక కుటుంబం ఇదంతా చూసింది. వాళ్ల పాప ఆ ఉదయం ఏమీ తినలేదు.

మరో పది రోజులకు పక్క పొలం రైతు దొడ్డిలో రెండు మేకలు పోయాయి. తొట్టె చుట్టూ బురదలో అడుగులు చూపిస్తూ పెద్దాయన నన్ను మోకాళ్ల మీద కూర్చోమన్నారు. కుక్క అడుగులో కాలివేళ్ల ముందు గోళ్ల గుర్తులు పడతాయి. చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి దాని అడుగులో అవి ఉండవు. గుండ్రంగా, శుభ్రంగా పడిన ఆ అడుగు తొట్టె దగ్గర మొదలై తిన్నగా రైతు దొడ్డి వైపు సాగింది. మేకల ఖరీదు ఆ రైతుకు నేనే ఇచ్చాను. ఆయన తీసుకున్నారు కానీ, నాతో ఇంకా మనస్ఫూర్తిగా మాట్లాడటం లేదు. ఆయన కోపం న్యాయమైనదే.

మే మొదటి వారంలో తొట్టె పగలగొట్టించాం. ఉప్పు కలిసిన మట్టిని కూడా తవ్వి తీసేశాం. అడవి వైపు ఉన్న ఇనుప తీగలు విప్పేసి, ముళ్లకంప వేశాం. రాత్రంతా వెలిగే పెద్ద దీపం కూడా తీసేశాం.

ఇక జంతువులను చూడాలంటే మన్ననూరు నుంచి ఫరహాబాద్ వైపు అటవీ శాఖ నడిపే సఫారీకి వెళ్లాలి. అది మా చేతుల్లో ఉండదు, టికెట్టు విడిగా తీసుకోవాలి. అక్టోబరులో వచ్చేవారికి ఒక విషయం ముందే చెబుతున్నాను. అప్పుడు గడ్డి నడుమెత్తు ఉంటుంది, ఎక్కడ చూసినా నీళ్లే, జంతువులు ఒకచోటికి రావలసిన అవసరం ఉండదు. అడవి పచ్చగా, చాలా అందంగా ఉంటుంది, జంతువులు మాత్రం తక్కువగా కనిపిస్తాయి. మార్చి, ఏప్రిల్ నాటికి ఆకు రాలి దూరం దాకా చూపు సాగుతుంది. దుప్పులు, కణుతులు (సాంబార్ జింకలు), మనుబోతులు (నీల్‌గాయిలు) కనిపించే అవకాశం అప్పుడే ఎక్కువ. ఎండ కూడా అప్పుడే ఎక్కువ, మా గుడారాల్లో ఏసీ లేదు. పులి విషయానికొస్తే, 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అడవి ఇది. ఆరేళ్లుగా ఇక్కడే ఉంటున్న నాకు రెండుసార్లే కనిపించింది.

మా దగ్గర ఇప్పుడు మిగిలింది పొద్దున్నే పెద్దాయనతో తోట అంచు దారిలో నడక. కొండముచ్చు ఉత్తినే అరిచే అరుపుకూ, చిరుతను చూసి చెట్టు మీద నుంచి దగ్గినట్టు అరిచే అరుపుకూ తేడా ఆయన చెబుతారు. నల్లమద్ది కొమ్మల్లో బెట్టుడుత, అంటే పెద్ద అడవి ఉడుత, గూడు ఎక్కడుందో చూపిస్తారు. నాకైతే తొట్టె ముందు కుర్చీలు వేసుకుని చూసిన రోజులకన్నా ఈ నడకే ఇష్టం.

సదుపాయాలు మీకు తెలిసినవే. కాగులో కాచిన వేడినీళ్లు బకెట్లో ఇస్తాం, మరుగుదొడ్లు గుడారాలకు కాస్త దూరంలో ఉంటాయి, భోజనంలో జొన్నరొట్టె, పచ్చిపులుసు, అడిగితే నాటుకోడి కూర. చలిమంట ఇకపై ఏ కాలంలోనూ వేయం. ఎండుటాకుల మీద ఒక్క నిప్పురవ్వ పడితే చాలు. ప్లాస్టిక్ సీసాలు తేవద్దు, స్టీలు సీసా తెచ్చుకుంటే నీళ్లు నింపి ఇస్తాం. మా తోట అటవీ శాఖ చెక్‌పోస్టుకు ఇవతలే ఉంది కాబట్టి రాత్రి ఆలస్యమైనా చేరుకోవచ్చు. ఇక్కడి నుంచి శ్రీశైలం వెళ్లేవారు మాత్రం రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అడవి దారిలో వాహనాలు వదలరని గుర్తుంచుకోండి.

తొట్టె పోయింది కాబట్టి పాత ధర తీసుకోవడం నాకు సబబుగా అనిపించలేదు. గుడారానికి రాత్రికి 2,500 రూపాయలు ఉన్నది 2,000 చేశాం. ఇప్పటికే పాత ధర కట్టినవారికి తేడా తిరిగి పంపుతున్నాం. దుప్పుల కోసమే బుక్ చేసుకున్నవారు సెప్టెంబరు 25లోగా చెబితే మొత్తం డబ్బు వెనక్కి ఇస్తాం, కారణం అడగం. ఫోను సాయంత్రం ఆరు తర్వాత చేయండి. సిగ్నల్ చింతచెట్టు కిందే అందుతుంది, ఆ సమయంలో నేను అక్కడే ఉంటాను.